వలతోవ

గున్నమ్మ తట్టను సెక్యూరిటీవాడు బూటుకాలితో తన్నిన పొద్దున మా యూనివర్సిటీ సెమినార్ హాల్లో సామాజిక న్యాయం మీద జాతీయ సదస్సు జరుగుతోంది. బయటికి కూడా మైకులు పెట్టారు. వక్తగారి మాటలు సముద్రం వైపు గేటు దాకా చక్కగా వినబడుతున్నాయి. ఆ గేటు దగ్గరే ఇసకలో కవళ్ళ చేపలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

"సెప్తే వినవేటి? లోపల పెద్దోలున్నారు. వాసనొస్తందంట. గెడ్డ సుట్టూ తిరిగెల్లు!" అని అంతకుముందే అరిచాడు వాడు.

"నీ కంచంలో ఏసుకుంటే రాని వాసన, నా తట్టలో ఉంటే వస్తాదేట్రా?" అంది గున్నమ్మ.

ఆ మాటకే తన్నాడు.

నేనూ నీలవేణీ అప్పుడే హాల్లోంచి బయటికొచ్చాం. ఇద్దరం ఎకనమిక్స్ ఎం.ఏ. గున్నమ్మ నీలవేణికి తల్లి. నీలవేణి పరుగెత్తలేదు, అరవలేదు. గేటు దాకా నడిచి వెళ్ళి, పుస్తకాల సంచి కింద పెట్టి, తల్లి పక్కన కూర్చుని ఒక్కొక్క చేపనే ఏరి ఇసక దులిపి తట్టలో వేసింది. గున్నమ్మ మాత్రం ఊరుకోలేదు. వాడి ఏడు తరాలనూ పేరుపేరునా పిలిచి తిట్టింది. మైకులో వక్తగారు అట్టడుగు మహిళల సాధికారత అంటున్నారు. నాకు కడుపు మండిపోయింది. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా మండుతూనే ఉంది.

మా యూనివర్సిటీ పాతది కాదు. మేము హైస్కూల్లో ఉండగా పుట్టింది. అసలు క్యాంపస్ శ్రీకాకుళం దాటాక శ్రీకూర్మం పోయే దారిలో, సముద్రం ఒడ్డున ఉంది. ఇంజనీరింగు విజయనగరంలో. ఇంకో ముక్క సాలూరులో, లారీ షెడ్ల పక్కన అద్దె భవనంలో. అక్కడ వెల్డింగు మోత ఆగితేగాని మేష్టారి పాఠం వినబడదు. మూడు ఊళ్ళలో పెడితే పేదల పిల్లలకు చదువు దగ్గరవుతుందన్నారు. అబద్ధం కాదు, దగ్గరైంది. గజపతినగరం పక్క పల్లెలో వరీ మొక్కజొన్నా పండించుకునే రైతు కూతుర్ని నేను ఎం.ఏ. చదువుతున్నానంటే ఆ పుణ్యమే. అయితే మూడు చోట్ల ఉన్న పిల్లలు ఎప్పుడూ ఒక్కచోట చేరరన్న సంగతి మాకంటే ముందు పైవాళ్ళు కనిపెట్టారు.

మా క్యాంపస్‌కు ఒకవైపు రోడ్డు, రోడ్డును ఆనుకుని మొగపేట. రెండోవైపు సముద్రం. మధ్యలో మేము. యూనివర్సిటీ రాకముందు అక్కడ సరుగుడు తోటలూ ఇసకా తప్ప ఏమీ లేవు. మొగపేట మత్స్యకారులు నోటిమాట మీద ఆ నేలంతా వదిలేశారు. "మా పిల్లలకి సదువొస్తాదంటే ఒద్దంటామేటి? మా తోవ ఒక్కటీ ఒగ్గీయండి బాబూ" అన్నారు. ప్రహరీగోడకు రాళ్ళు మోసింది కూడా వాళ్ళే, కూలి అడగకుండా. గోడకు రెండు చివర్లా కంతలు వదిలారు. ఆ రెండు కంతల మధ్య దారి పేరు వలతోవ.

ఎందుకు వలతోవ అంటే, ఊళ్ళో బాగుచేసిన అలివి వలను ఒడ్డుకు మోసుకెళ్ళేది ఆ దారినే. అలివి అంటే మామూలు వల కాదు, పడవ మీద తీసుకెళ్ళి సముద్రంలో పరిచి, రెండు చివర్ల తాళ్ళూ పట్టుకుని ఊరంతా కలిసి ఒడ్డుకు లాగే పెద్ద వల. దాన్ని మోయాలంటే మనుషులు వరసగా నిలబడి భుజాల మీద వేసుకోవాలి. ముందు నడిచేవాడు "తోవో... తోవ!" అని కేకేస్తాడు. ఆ కేక వింటే సైకిళ్ళు ఆగేవి, గొడ్లు ఆగేవి. మొదటి వైస్‌ఛాన్సలర్‌గారి కారు కూడా ఆగేదట. ఆయన కారు దిగి వల పోయేదాకా నిలబడేవాడని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

హుద్‌హుద్ తుపానుకు గోడ కూలింది. మళ్ళీ కట్టినప్పుడు సముద్రం వైపు కంతలో ఇనుప గేటు లేచింది. రాత్రిపూట మాత్రమే వేస్తామన్నారు. తర్వాత ఢిల్లీ నుంచి గ్రేడు ఇచ్చే బృందం వస్తోందన్నారు. క్యాంపస్ శుభ్రంగా కనబడాలన్నారు. తట్ట తన్నిన ఆ పొద్దున్నుంచే గేటుకు పగలు కూడా తాళం పడింది. ఇక ఒడ్డున పడిన చేప రోడ్డెక్కాలంటే గెడ్డ, అదే క్యాంపస్ పక్కన సముద్రంలో కలిసే వాగు, దాని చుట్టూ తిరిగి రావాలి. గెడ్డలోకి పోటునీరు ఎక్కితే మోకాలి బురద కాస్తా నడుము లోతవుతుంది. తిరిగి వచ్చేసరికి శ్రీకాకుళం బజారుకు పోయే ఆటోలు వెళ్ళిపోతాయి. మిగిలిన చేప ఎవరికీ పనికిరాదు.

ఇదీ అన్యాయం. ఇప్పుడు మేము దీన్ని ఎలా ఎదిరించామో, మొదటిసారి ఎంత చండాలంగా ఓడిపోయామో చెబుతాను.

తట్ట తన్నిన మధ్యాహ్నమే క్యాంటీన్ ముందు మీటింగు పెట్టాం. అందరూ ఒక్క మాట మీద లేరు.

"గ్రేడు రాకపోతే మన సర్టిఫికెట్ ఎవులు సూస్తారు? పది రోజులు తిరిగెల్తే ఏటైపోద్ది?" అన్నాడు కామర్సు కుర్రాడొకడు.

"పది రోజులని ఎవడు సెప్పినాడ్రా నీకు? తాళం ఏసినోడు తీసినట్టు ఎప్పుడైనా సూసినావా?" అంది నీలవేణి.

విజయనగరం నుంచి యుగంధర్ వచ్చాడు. ఇంజనీరింగు క్యాంపస్‌లో విద్యార్థి నాయకుడు. వాళ్ళ నాన్న పనిచేసిన జూట్ మిల్లు లాకౌట్ అయ్యాక బజార్లో కూరగాయలమ్మి కొడుకుని చదివిస్తున్నాడు. యుగంధర్ బల్లెక్కి మాట్లాడితే వెనక వరసవాళ్ళు కూడా లేచి నిలబడేవారు. మూడు క్యాంపస్‌లూ బంద్ చేద్దామన్నాడు. చేశాం. మొగపేట ఆడవాళ్ళు తట్టలతో వచ్చి మెయిన్ గేటు ముందు కూర్చున్నారు. సాలూరు పిల్లలు రోడ్డు మీద కూర్చుంటే లారీలు బారులు తీరాయి.

రిజిస్ట్రారు నరసింగరావు భయపడలేదు. చాలా మర్యాదస్తుడు ఆయన. అందరినీ చర్చలకు పిలిచాడు, కాకపోతే విడివిడిగా పిలిచాడు. విజయనగరం వాళ్ళను ఒక రోజు, సాలూరు వాళ్ళను ఒక రోజు, మా హాస్టలు వాళ్ళను ఇంకో రోజు. వచ్చినవాళ్ళకు కాఫీ ఇప్పించాడు. యుగంధర్‌తో కొత్త ల్యాబ్ అన్నాడు. సాలూరు వాళ్ళతో సొంత భవనం అన్నాడు. మా హాస్టలుకు మంచినీళ్ళ మోటారు అన్నాడు. అన్నీ మేము ఎప్పటినుంచో అడుగుతున్నవే. ఒక్కొక్క గదిలోంచి ఒక్కొక్క నాయకుడు మొహం వెలిగించుకుని బయటికొచ్చాడు. వలతోవ మాట ఏ గదిలోనూ తెగలేదు. పక్క గదిలో తెగి ఉంటుందని ప్రతివాళ్ళూ అనుకున్నారు.

ఊరివాళ్ళు చేసిన తప్పు ఇంకోరకం. అలివి దగ్గర ఒక ఆచారం ఉంది. చేప ఒడ్డున పడ్డాక సావుకారుతో బేరమాడేది వలపెద్ద ఒక్కడే. మిగతావాళ్ళు నోరెత్తరు. వాడు తెచ్చిన ధరే ధర. మొగపేట వలపెద్ద కొండబాబు, గున్నమ్మకు సొంత అన్న. రిజిస్ట్రారు పిలవగానే ఊరంతా ఎప్పటిలాగే అతన్ని ఒక్కణ్ణీ గదిలోకి పంపించి బయట కూర్చుంది. చేపకు కుదిరిన పద్ధతి తోవకు కూడా కుదురుతుందనుకున్నారు పాపం. కొండబాబు తోవ అడగడానికి వెళ్ళి కుర్రాళ్ళకు వాచ్‌మన్ ఉద్యోగాలు తెచ్చాడు.

"తోవ ఏదన్నా?" అంది గున్నమ్మ.

"తోవ తరవాత సూద్దారన్నారే. ముందు మన కుర్రోల్లకి ఉజ్జోగాలు. యూనిఫారం, నెలజీతం. ఇంకేటి కావాల?"

ఊరు నోరెత్తలేదు. ధర తెచ్చేశాడు కదా.

ఆ తర్వాతి వారం నుంచి సముద్రం వైపు గేటు దగ్గర నీలం చొక్కాల్లో నిలబడింది మొగపేట వాళ్ళే. కన్నతల్లులకు, మేనత్తలకు తాళం వేసే పని కన్నకొడుకులకే అప్పగించాడు నరసింగరావు. ల్యాబ్ రాలేదు, భవనం రాలేదు. మోటారు వచ్చింది, నీళ్ళు రాలేదు.

వానలు మొదలయ్యాయి. ఒకరోజు పొద్దున్నే లక్ష్మీనరసమ్మ నెత్తళ్ళ తట్టతో గేటు దగ్గరికి వచ్చింది. గున్నమ్మకు అత్త, నీలవేణికి మామ్మ. ముసలిది, కాళ్ళు వంకర్లు, నోరు మాత్రం మహా గట్టిది. కాపలా ఉన్నది సోములు. ఇద్దరు పిల్లల తండ్రి, ఆ ముసలిదానికి అక్క మనవడు.

"గెడ్డ పొంగినాది. ఒక్కపాలి తియ్యరా అయ్యా" అంది.

"తీస్తే నా ఉజ్జోగం పోతాది మామ్మా. కెమెరాలెట్టినారు" అన్నాడు సోములు.

ఆమె తిట్టి ఉంటే బాగుండేదని సోములు తర్వాత నా దగ్గర ఏడ్చాడు. తిట్టలేదట. "సర్లే, పిల్లలోడివి" అని వెనక్కి తిరిగిందట.

మధ్యాహ్నానికి గెడ్డ సముద్రంలో కలిసే మొగలో తట్ట తేలింది. కాస్త ఎగువన, సరుగుడు వేళ్ళకు తట్టుకుని ఆమె దొరికింది.

మర్నాడు నోటీసుబోర్డు మీద రిజిస్ట్రారు సంతకంతో కాగితం. అనుమతి లేని మార్గంలో ప్రయాణించినవారి ప్రమాదాలకు విశ్వవిద్యాలయం బాధ్యత వహించదు! అనుమతి ఉన్న మార్గానికి తాళం వేసినవాడు రాసిన మాట అది. మనిషి పుట్టుక పుట్టినవాడు రాసే మాటేనా?

నీలవేణి ఆ కాగితం చింపి, చేత్తో పట్టుకుని రిజిస్ట్రారు గదిలోకి వెళ్ళింది. వెనకాలే నేను. ఆయన కాఫీ చెప్పబోయాడు.

"మా మామ్మని సంపినావు. కాఫీ నువ్వే తాగు" అంది నీలవేణి.

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "అమ్మా, నువ్వు దుఃఖంలో ఉన్నావు, అర్థం చేసుకోగలను. కానీ క్రమశిక్షణ అనేది ఒకటుంటుంది కదా" అన్నాడు. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. నీలవేణిని సోమవారం నుంచి సాలూరు క్యాంపస్‌కు మార్చారు. పరిపాలనా కారణాలట. సాలూరులో హాస్టలు లేదు. తెల్లవారి తల్లికి తట్ట ఎత్తి, తర్వాత క్లాసుకు వచ్చే పిల్ల అది. సాలూరు అంటే చదువు మానెయ్యమనే. మొగపేటలో పీజీ దాకా వచ్చిన మొట్టమొదటి ఆడపిల్ల చదువు అలా ఒక్క సంతకంతో తెగిపోతోంది. నన్ను మాత్రం క్షమాపణ పత్రం ఇమ్మన్నారు. నేను ఇవ్వనంటే మా నాన్నను పిలిపిస్తామన్నారు.

ముసలమ్మ దినం అయ్యాక ఒడ్డున పడవల దగ్గర ఊరు కూడింది. ఈసారి మేమూ వెళ్ళాం. యుగంధర్ వచ్చాడు. సాలూరు నుంచి చిన్నతల్లి అనే పిల్ల వచ్చింది. కొండ కింద ఊరు ఆమెది, నాన్న లారీ క్లీనరు.

అందరికంటే ముందు కొండబాబు లేచాడు. "నా సెల్లెలత్త పోయినాది. నాకు బాద నేదనుకుంటన్నారేటి? కానీ గవర్మెంటోలితో మనం ఎలగ..."

"కూకో అన్నా" అంది గున్నమ్మ. "ఒక మాటడుగుతాను. అలివి తాడు మీద సెయ్యేసినోడికి ఏటిస్తాం?"

"వాటా ఇస్తాం."

"దారినపోయేవోడు సెయ్యేస్తే?"

"ఆడికీ ఇస్తాం. కులం అడగం, ఊరడగం."

"వల సిరిగితే?"

"తాడు పట్టినోలందరం కూకుని కుట్టుకుంటాం. సేపలో వాటా ఉన్నోడికి సిరుగులోనూ వాటా ఉంటాది. ఇవన్నీ ఇప్పుడేలే?"

"మరి తాడు ముట్టకండా వాటా తిన్నోడినేటంటాం?"

ఆ ఊళ్ళో దొంగనైనా క్షమిస్తారు గాని తాడు ముట్టకుండా వాటా తీసుకున్నవాణ్ణి శవం మోయడానికి కూడా పిలవరు.

"తట్టల్తో గేటుకాడ కూకున్నది మేము. ఎండలో మాడింది మేము. గదిలో ఉజ్జోగాలు తిన్నది నువ్వు. పంపినోలం మేమే. నీ ఒక్కడిదే తప్పనను. ఊరందరిదీని. ఆ తప్పు మా అత్తని తీస్కుపోనాది."

సోములు అప్పటిదాకా పడవ చాటున కూర్చుని ఉన్నాడు. లేచి వచ్చి నీలం చొక్కా విప్పి ఇసకలో పడేశాడు. మిగతా కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొందరు విప్పారు, కొందరు విప్పలేదు. విప్పనివాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ళే కాసేపాగి విప్పారు.

యుగంధర్ మాట్లాడాడు. "ఈసారి అన్ని వర్గాల నుంచీ ప్రతినిధుల్ని తీసుకుని జాయింట్ కమిటీ వేద్దాం. కమిటీయే చర్చలకు వెళ్తుంది."

"గదిలోకి ఎవులూ ఎల్లొద్దు బాబూ" అంది గున్నమ్మ.

"చర్చలు లేకుండా పోరాటం ఎక్కడైనా ఉంటుందా అత్తా? అందరూ ఒకేసారి మాట్లాడలేరు కదా!"

"అందరం ఇనొచ్చు కదా. ఆడు ఏటి సెప్తాడో అందరి ముందు సెప్పమను. కాఫీ ఇస్తే అందరికీ ఇమ్మను."

నవ్వులు లేచాయి. దినం నాడు కూడా నవ్వులు లేచాయి. యుగంధర్ పట్టు వదల్లేదు. చాలాసేపు వాదించాడు. నాయకత్వం లేకపోతే గుంపు చెదిరిపోతుందన్నాడు. చివరికి నేనే అడిగాను. "మొన్న మనం గదుల్లోకి వెళ్ళాం కదా యుగంధర్, ఏం మిగిలింది?" అతను వెళ్ళి మా వరసలో కూర్చున్నాడు.

అప్పుడు లేచింది చిన్నతల్లి. "నాకొకటి సెప్పండి. నీలవేణిని శిచ్చేసి మా సాలూరు పంపుతన్నారు కదా. అంటే మేమందరం జైల్లో సదువుతన్నామా? మా కాలేజీ ఆలకి జైలా? మా బిల్డింగు తరవాత అడుక్కుంటాం. ముందు ఈ గేటు సంగతి తేల్సండి. మా వోల్లని లారీల్తో తెస్తాను."

ఆ మాటతో మూడు క్యాంపస్‌ల అడుగూ ఒకటే అయింది. ఒక్కటే కోరిక, వలతోవ. ల్యాబ్ లేదు, మోటారు లేదు, ఉద్యోగం లేదు. తోవ తెరవాలి, నీలవేణి ఉత్తర్వు చింపాలి.

గ్రేడు బృందం వచ్చే రోజునే పెట్టుకున్నాం. క్యాంపస్ నిండా కుండీలు, ముగ్గులు. మెయిన్ గేటు దగ్గర పోలీసులు. అటు ఎవరం వెళ్ళలేదు. గెడ్డ దారి పట్టాం. హాస్టలు పిల్లలు, విజయనగరం ఇంజనీరింగు వాళ్ళు, సాలూరు లారీల్లో దిగినవాళ్ళు, అందరం చెప్పులు చేత్తో పట్టుకుని ఆ బురదలో దిగాం. ఒకే క్యాంపస్‌లో ఏళ్ళ తరబడి ఉన్నామా, ఆ దారి మాలో ఎవ్వరమూ తొక్కలేదు. కామర్సు కుర్రాడు మోకాలి దాకా కూరుకుపోయి, "ఓర్నాయనో, రోజూ ఇలగే ఎల్తారా ఈలు?" అన్నాడు. దారి చూపడానికి వచ్చిన మొగపేట తట్టలామె అతని రెక్క పట్టి బయటికి లాగింది.

ఒడ్డెక్కేసరికి మిగతా మొగపేట మొత్తం అక్కడే ఉంది. అలివి తాళ్ళు రెండూ ఇసకలో పరిచి ఉన్నాయి. కొండబాబు గేటు ఊచలకు ముడులు వేస్తున్నాడు.

గేటు అవతలికి నరసింగరావు పరుగున వచ్చాడు. వెనక ఆయన సిబ్బంది. "ఏమిటయ్యా ఇది? బృందం హాల్లో ఉంది. కొండబాబూ, నువ్వొక్కడివీ లోపలికి రా, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు.

కొండబాబు ముడి బిగించి లేచాడు. "నానొక్కడినీ రాను బాబూ. ఒకపాలి వొచ్చి మనిసిని పోగొట్టుకున్నాను. ఏటి సెప్తారో ఇక్కడే సెప్పండి, ఈలందరూ ఇంటారు."

"ఇంతమందితో ఎలా మాట్లాడతాం?"

"తాళం ఇంతమందికీ కలిపే ఏసినారు కదా!" అంది గున్నమ్మ.

"తాళం తియ్యండి! ఉత్తర్వు చింపండి!" అని నీలవేణి అరిచింది. ఒడ్డంతా ఆ మాటే అందుకుంది. నరసింగరావు పెదవులు కదులుతున్నాయి గాని ఏమంటున్నాడో ఎవరికీ వినబడలేదు. తాళంచెవి పక్కనున్న సూపర్‌వైజరు చేతిలోనే ఉంది. నరసింగరావు అటు చూశాడు, మళ్ళీ మా వైపు చూశాడు, తల అడ్డంగా ఊపాడు.

"ఇక పట్టండి" అన్నాడు కొండబాబు.

సరిగ్గా అప్పుడు చూశాను మా నాన్నను. జగన్నాధం అంటే మా ఊళ్ళో నలుగురితో గొడవకు పోని మనిషి. క్షమాపణ పత్రం మీద సంతకానికి ఆ రోజే రమ్మన్నారట. ఇస్త్రీ పంచె కట్టుకుని వచ్చి, రిజిస్ట్రారును వెతుక్కుంటూ ఆయన వెనకే గేటు దాకా వచ్చాడు. గేటుకు అవతల నాన్న, ఇవతల నేను.

"అమ్మలూ, ఇటొచ్చీ. సంతకం ఎట్టీసి ఇంటికెలిపోదాం. మనకెందుకే ఇయ్యన్నీ?" అన్నాడు.

"ఈ గేటు వల్ల ఒక ముసల్ది సచ్చిపోయినాది నాన్నా. ఈయమ్మకి అత్త" అని గున్నమ్మను చూపించాను. "మన పొలం గట్టు ఎవడైనా మూసీస్తే నువ్వూరుకుంటావా?"

నాన్న గున్నమ్మను చూశాడు. రిజిస్ట్రారును చూశాడు. ఆయన నాన్న భుజం మీద చెయ్యి వేసి, "మీరు పెద్దవారు, మీ అమ్మాయికి నచ్చజెప్పండి" అన్నాడు. నాన్న ఆ చెయ్యి మెల్లగా తీసేశాడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తాడు పట్టుకున్నాను.

రెండు తాళ్ళకూ జనం బారులు తీరేసరికి చాలాసేపు పట్టింది. ఆడవాళ్ళు తట్టలు దించి వచ్చారు. చిన్నతల్లి నా ముందు, కామర్సు కుర్రాడు నా వెనక. కొండబాబు మధ్యలో నిలబడి, "ఇన్నాల్లూ సంద్రంలోంచి ఊరేపు లాగినాం. ఇయ్యాల ఊర్లోంచి సంద్రమేపు లాగాల. రెండు తాళ్ళూ సమంగా రావాల. ఐలెస్సా!" అన్నాడు.

"ఐలెస్సా!"

గేటు మూలిగింది. మొదటి లాగుకు సిమెంటు రాలింది. రెండో లాగుకు తుపాను తర్వాత నాసిరకంగా కట్టిన స్తంభం పగిలింది. అవతల వాళ్ళు దూరంగా పరిగెత్తారు. "ఆగండి, ఆగండి" అని యుగంధర్ అరిచి, అటువైపు ఎవరూ లేరని చూసుకున్నాకే చెయ్యి ఊపాడు. అప్పుడు నా వెనక ఎవరో గట్టిగా ఆయాసపడుతున్నారు. తిరిగి చూస్తే నాన్న. ఇస్త్రీ పంచె నడుము దాకా బురద. గెడ్డ చుట్టూ తిరిగి వచ్చాడు.

"ముందుకు సూసి లాగే" అన్నాడు.

ఇనుము ఇసకలో కూలిన చప్పుడు సెమినార్ హాల్లోని బృందానికి కూడా వినబడిందని తర్వాత తెలిసింది. ఒక తాడు తెగి కొందరు వెల్లకిలా పడ్డారు. పడ్డవాళ్ళు పడ్డచోటే నవ్వారు. సోములు అందరికంటే ముందు లేచి, పడవ దగ్గరున్న వల అంచు భుజానికెత్తుకున్నాడు. మొగపేట వాళ్ళూ మా పిల్లలూ కలిసి వరస కట్టారు. సదస్సులు జరిగే హాలు పక్కనుంచి, ముగ్గులు తొక్కుకుంటూ, కుండీల మధ్య నుంచి వల ఊరివైపు నడిచింది.

"తోవో... తోవ!"

హాలు మెట్ల మీద నిలబడిన ఢిల్లీ వాళ్ళు పక్కకు తప్పుకున్నారు.

పోలీసులు రావాల్సినంత మంది వచ్చారు. లాఠీలు లేచాయి, దిగాయి కూడా. యుగంధర్ తల పగిలింది. నీలవేణిని జుట్టు పట్టి ఈడ్చారు. ఎవరికి ఎన్ని దెబ్బలు తగిలాయో చెప్పి జాలి అడగను. తిన్నాం, నిలబడ్డాం. చివరికి సీఐ తోవ మధ్యలో నిలబడి చేతిలోని కాగితం చూసి చదివాడు. "నీలవేణి, యుగంధర్, కొండబాబు. ముగ్గురూ బండెక్కండి. మిగతావాళ్ళు ఇళ్ళకు పొండి. గేటు లాగింది ఈ ముగ్గురే అని మాకు సమాచారం ఉంది."

ఆ ముగ్గురూ కదిలారు. గున్నమ్మ అడ్డం వచ్చింది.

"ముగ్గురే లాగినారా? అంత పెద్ద గేటు? నాను తాడు ముట్టలేదేటి? నా వాటా నాకియ్యి."

"ఏం వాటా?" అన్నాడు సీఐ.

"కేసులో వాటా!"

సోములు ముందుకొచ్చాడు. "నానూ పట్టినాను. నా వాటా."

"నాది."

"నాదీ ఉన్నాది. ఎడం తాడు."

చిన్నతల్లి వచ్చింది. కామర్సు కుర్రాడు బురద ప్యాంటుతో వచ్చాడు. తట్టలవాళ్ళు వచ్చారు, లారీల్లో వచ్చినవాళ్ళు వచ్చారు. ఒకరి తర్వాత ఒకరు సీఐ ముందు నిలబడి చెయ్యి చాపారు. ఒడ్డున చేపల కోసం చాపినట్టే చాపారు. తాడు ఒరుసుకున్న అరచేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి. ఆ చేతులు చూశాక ఎవరు లాగారో లాగలేదో పోలీసువాడికి వేరే సమాచారం ఎందుకు? సీఐ "వెనక్కి పొండి, వెనక్కి!" అని అరుస్తున్నాడు. ఎవరూ పోలేదు. నేను చెయ్యి చాపాను. నా పక్కన ఇంకో చెయ్యి, నాగలి కాయలు కాచిన చెయ్యి చాచుకుంది.

"జగన్నాధం, గజపతినగరం పక్క. నాదీ రాసుకోండి బాబూ" అన్నాడు మా నాన్న.

ఉన్న బండ్లు చాలలేదు. అయినా బలవంతంగా ముగ్గుర్నీ ఎక్కించి బండి కదిలించారు. దాని వెనకే అందరం నడిచాం. స్టేషన్ ఆవరణ నిండిపోయి రోడ్డు నిండింది. మర్నాడు కోర్టు నీలవేణిని, యుగంధర్‌ను, కొండబాబును రిమాండుకు పంపింది. మిగతా మా మీద కేసులు రాస్తూనే ఉన్నారు. ఇంకా రాస్తున్నారు. ఉత్తర్వు ఇంకా చింపలేదు. పోరాటం అయిపోయిందని ఎవరూ అనుకోవద్దు.

గేటు కూలిన తర్వాతి రోజు అలివి పడింది. కొండబాబు లేకుండానే లాగారు. చేప బాగా దొరికింది. గున్నమ్మ పంచింది. సావుకారుతో ఊరంతా కలిసి బేరమాడింది, పెద్ద గోల. జైల్లో ఉన్న ముగ్గురి వాటాలూ విడిగా తీసి పెట్టారు. యుగంధర్ వాటా విజయనగరం బజారులో కూరగాయలమ్మే ఆయనకు బస్సులో వెళ్ళింది. నాన్న వాటా నాన్న తీసుకోనన్నాడు. "తీసుకోకపోతే తప్పు బాబూ, తాడు పట్టినావు" అని గున్నమ్మ కసిరితే, కండువాలో కట్టుకుని గజపతినగరం బస్సెక్కాడు. తెగిన తాడు ముక్క చిన్నతల్లి అడిగి పట్టుకెళ్ళింది. ఇప్పుడది సాలూరులో అద్దె భవనం గేటుకు కట్టి ఉంది. వచ్చేవారం అక్కడ మూడు క్యాంపస్‌ల మీటింగు.

కూలిన గేటును మళ్ళీ నిలబెట్టడానికి కాంట్రాక్టరు మనుషులు సిమెంటు బస్తాలతో వచ్చారు. కంతలో హాస్టలు పిల్లలం కూర్చుని చదువుకుంటున్నాం. మేము లేవలేదు. కూలీలు కాసేపు చూసి నీడకు పోయి బీడీలు ముట్టించారు.

అప్పుడే ఒడ్డు వైపు నుంచి గున్నమ్మ వచ్చింది, నెత్తిన నిండు తట్టతో. కూతురు జైల్లో ఉంది. అత్త మట్టిలో ఉంది. ఆమె కంత దగ్గర ఆగలేదు. మెడ నిటారుగా పెట్టి, రిజిస్ట్రారు కిటికీకి వినబడేలా కేకేసింది.

"తోవో... తోవ!"

మేము కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చాం.